దుకాణం లెక్కలు: రాసేవారెవరు, చూసేవారెవరు?

గత సంవత్సరం షవ్వాల్ మాసంలో ఒక కుటుంబం మా మదరసాకు వచ్చింది. తల్లి, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. ఇంటిపెద్ద మరణించారు. తల్లి ఇద్దత్ గడువు ముగిసిన వారంలోనే బయలుదేరి వచ్చారు. మరణించిన వ్యక్తి దూదేకుల కుటుంబానికి చెందినవారు. తాతల నాడు ఊరూరా తిరిగి దూది ఏకిన వృత్తిని ఆయన ఒక పరుపుల దుకాణంగా వృద్ధి చేశారు. దుకాణం వెనుక గోదాము, దూది ఏకే యంత్రం, రెండు కుట్టు మిషన్లు, నలుగురు పనివారు. ముప్పై ఏళ్ల కష్టం అది. దానిని షరీఅత్ ప్రకారం పంచిపెట్టమని వారు మమ్మల్ని కోరారు.

ఈ పంపకంలో లెక్క చాలా సులువు. భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులలో ఒక్కొక్క కుమారునికి రెండు, ఒక్కొక్క కుమార్తెకు ఒకటి. అంటే కుమారులిద్దరికీ నాలుగు, కుమార్తెలు ముగ్గురికీ మూడు, తల్లికి ఒకటి. సరిగ్గా ఎనిమిది. మా వద్ద ‘సిరాజీ’ చదివే విద్యార్థి కాగితం ముట్టకుండానే చెప్పగలిగిన లెక్క. మేము కూడా అలాగే చెప్పేశాము. అప్పుడు చిన్న కుమార్తె మెల్లగా అడిగింది: “ఎనిమిది భాగాలు సరే మౌలానా గారూ, ఎంతలో ఎనిమిది?”

ఆ ప్రశ్నకు సమాధానం వెతకడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో మేము నేర్చుకున్నదే ఈ వ్యాసం. మేము వాణిజ్యశాస్త్రం చదివిన వారము కాము. అరబీ పాఠాలు చెప్పుకునే వాళ్లము. కానీ తగవు తీర్చమని మా గడపకు వచ్చే కుటుంబాలలో చాలా వాటికి ఒక దుకాణం ఉంటుంది. ఆ దుకాణానికి లెక్క ఉండదు.

“మాకు అకౌంటెంట్ ఉన్నాడు” అని పెద్ద కుమారుడు ధీమాగా ఒక ఫైలు తెచ్చాడు. అందులో ఏటేటా దాఖలు చేసిన ఆదాయపు పన్ను పత్రాలు, జీఎస్టీ రసీదులు వరుసగా ఉన్నాయి. చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి. చివరి సంవత్సరం అమ్మకాలు 62 లక్షలు, లాభం 4,96,000 అని వాటిలో ఉంది. ఆ లాభం ఎలా తేలిందని సంబంధిత వ్యక్తికి ఫోన్ చేసి అడిగితే, 62 లక్షలలో నూటికి ఎనిమిది చొప్పున వేశామన్నాడు.

అతను తప్పేమీ చేయలేదు. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. సంవత్సరపు అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే, లోతైన లెక్కల జోలికి పోకుండా అమ్మకాలలో కనీసం 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా గానీ ఫోన్ చెల్లింపుల ద్వారా గానీ వచ్చిన సొమ్ముపై 6 శాతాన్ని లాభంగా చూపి పన్ను కట్టవచ్చు. ప్రభుత్వానికి అది చాలు. కానీ ఆ 4,96,000 అన్నది దుకాణం నిజంగా సంపాదించిన లాభం కాదు. చట్టం ఊహించుకొమ్మన్న లాభం. నిజంగా మిగిలింది పది లక్షలో, రెండు లక్షలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. గోదాములో ఎంత సరుకు ఉంది, ఎవరు ఎంత బాకీ ఉన్నారు, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న మూడు ముఖ్యమైన విషయాలలో ఒక్కటి కూడా ఆ ఫైలులో లేదు.

అసలు లెక్క మరణించిన వ్యక్తి చొక్కా జేబులోని చిన్న డైరీలో ఉంది. ‘హోటలు ఆయన 18’, ‘మేనత్త అల్లుడు 4 సగం’, ‘పెద్ద కళ్లజోడు 11’ అని. పద్దెనిమిది వేలా, పద్దెనిమిది పరుపులా? చెప్పగలిగిన వ్యక్తి కబరస్తాన్‌లో ఉన్నారు.

మన ఊళ్లలో ఈ వృత్తుల పేర్ల విషయంలోనే పెద్ద గందరగోళం ఉంది. దుకాణంలో కూర్చుని బిల్లులు కంప్యూటరులో ఎక్కించే అబ్బాయిని మనం అకౌంటెంట్ అంటాము. ఏడాదికి ఒకసారి పన్ను పత్రాలు దాఖలు చేసే వ్యక్తిని ఆడిటర్ గారు అంటాము. నిజానికి మొదటి అబ్బాయి చేసేది పద్దులు రాసే పని. వెనుకటి తరం వారిని గుమాస్తా అనేది. రెండో వ్యక్తి చాలాసార్లు ఆడిటరూ కాడు, పూర్తి అర్థంలో అకౌంటెంటూ కాడు. ఫారాలు నింపి పంపడంలో అనుభవం ఉన్న పన్ను సలహాదారు. అది గౌరవప్రదమైన జీవనోపాధే. అయితే చట్టప్రకారం ఆడిట్ చేసి సంతకం పెట్టగలిగేది చార్టర్డ్ అకౌంటెంట్ ఒక్కరే. 1949 నాటి చట్టం కింద ఏర్పడిన వారి సంస్థలో సభ్యత్వం, సంఖ్య ఉండాలి. 2019 నుంచి వారు ఇచ్చే ప్రతి ధ్రువపత్రంపై 18 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్యను సంస్థ వారి వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నకిలీ సంతకాల బెడద ఉన్నందువల్లనే ఈ ఏర్పాటు వచ్చింది.

ఇక అసలు విషయం. పద్దులు రాసేవాడిని పెట్టుకోవాలా, అకౌంటెంటును పెట్టుకోవాలా అని చిన్న వ్యాపారి అడిగితే, మనవారిలో చాలామంది ఆ ఫైలు లాంటిదాన్ని చూపించి “ఉన్నాడు కదా” అంటారు. ఏడాదికి ఒకసారి వచ్చే వ్యక్తి ఉన్నాడు. ప్రతిరోజూ రాసే వ్యక్తి లేడు. పరుపుల దుకాణం తగవంతా ఈ ఒక్క లోటు నుంచే పుట్టింది.

పద్దులు రాసే వ్యక్తి చేసే పని చూడడానికి చిన్నదిగా ఉంటుంది. ఈ రోజు గల్లాపెట్టెలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది? అమ్మకపు బిల్లు, కొనుగోలు బిల్లు, కూలీల చెల్లింపు, లారీ కిరాయి, టీ ఖర్చు. దీనిని చిట్టాలో రాస్తాడు. చిట్టా నుంచి ఎవరి ఖాతాలో వారిది వేరుచేసి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. నెలాఖరున బ్యాంకు పాసుపుస్తకాన్ని తన పుస్తకంతో పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ వచ్చిందో వెతుకుతాడు. బాకీదారుల జాబితా తీసి యజమాని ముందు పెడతాడు. ఇప్పుడు ఇదంతా ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. చిట్టా నుంచి ఆవర్జాకు దానంతట అదే ఎక్కుతుంది. అయినా పని స్వభావం మారలేదు. ఇవన్నీ చేస్తూ అతను రోజుకు పదిసార్లు యజమానిని ఒక ప్రశ్న అడుగుతాడు: “దీన్ని ఏ ఖాతాలో రాయమంటారు?”

ఆ ప్రశ్న ఎంత విలువైనదో చెప్పడానికి మళ్లీ ఆ కుటుంబం దగ్గరకే వెళ్లాలి. పెద్ద కుమారుడు పన్నెండేళ్లుగా తండ్రితో పాటు దుకాణంలో కూర్చున్నాడు. ఒక దశలో దూది ఏకే యంత్రం పాడైతే, తన భార్య నగలు అమ్మి 2 లక్షలు తెచ్చి తండ్రి చేతికి ఇచ్చాడు. ఈ మాట నిజమేనని తల్లి కూడా చెప్పారు. ఆ రెండు లక్షలు అప్పా? కానుకా? లేక వ్యాపారంలో వాటాగా పెట్టిన పెట్టుబడా? అప్పు అయితే పంపకానికి ముందే తీర్చాలి, అదీ కోడలికే చెందాలి, ఎందుకంటే నగలు ఆమెవి. కానుక అయితే ఆ విషయం అంతటితో ముగిసింది. పెట్టుబడి అయితే దుకాణంలో కొంత భాగం అసలు వారసత్వంలోకే రాదు. ఒప్పందమేదీ లేకుండా తండ్రి వ్యాపారంలో చేయి వేసిన కుమారుడు సహాయకునిగానే పరిగణింపబడతాడన్నది హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధమైన మాట. అయితే ఒప్పందం ఉన్నదీ లేనిదీ తేలేదెలా? ఆనాడు ఒక గుమాస్తా ఉండి, “సాబ్, ఈ రెండు లక్షలు ఏ ఖాతాలో రాయమంటారు?” అని అడిగి ఉంటే తండ్రి ఏదో ఒకటి చెప్పి ఉండేవారు. ఆ ఒక్క పద్దు లేకపోవడం వల్ల అక్కచెల్లెళ్లు అన్న ఇంటి గడప తొక్కడం మానేశారు.

అప్పుల లావాదేవీ రాసి పెట్టుకోవలసిందేనని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందకూడదని బోధించే ఆయతు దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోకి పొడవైనది. బఖరా సూరాలోని 282వ ఆయతు. ఏటా విద్యార్థులకు దాని తఫ్సీర్ చెబుతూనే ఉన్నాము. రాసే వ్యక్తి గురించి అందులో ఎంత వివరంగా ఉందో ఈ తగవు చూశాకే మా మనసుకు గట్టిగా పట్టింది. అతను న్యాయంగా రాయాలి, రాయడానికి నిరాకరించకూడదు, అతనికి హాని కలిగించకూడదు. మనం మాట్లాడే తెలుగులోనే దీని ఆనవాళ్లు ఉన్నాయి. జమా, బాకీ, వసూలు అన్నవి అరబీ నుంచి, ఖర్చు, రసీదు అన్నవి ఫార్సీ నుంచి వచ్చిన మాటలు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాదులో బీజగణితంపై గ్రంథం రాసిన అల్ ఖ్వారిజ్మీ అందులో పెద్ద భాగాన్ని వీలునామాలు, వారసత్వాల లెక్కలకే కేటాయించారు. ఇంత వారసత్వం ఉండి, మన దుకాణాల లెక్క చొక్కా జేబులో ఉండడం విచారకరం.

మరి అకౌంటెంట్ అవసరం లేదా? ఉంది. కానీ అతని పని వేరు. రాసిన పద్దులను చదివి అర్థం చెప్పడం అతని పని. “అమ్మకాలు పెరిగాయి, చేతిలో డబ్బు మాత్రం తగ్గింది, ఎందుకు?” అని అడిగేది అతనే. పరుపు ఒక్కింటికి దూది, గుడ్డ, కూలి, అద్దె కలిపి ఎంత పడుతోంది, హాస్టలు వారికి మనం ఇస్తున్న ధరలో మిగిలేది ఎంత అని లెక్క తేల్చేదీ అతనే. అన్నదమ్ములు భాగస్వాములు కాదలచినప్పుడు ఒప్పంద పత్రంలో ఏ షరతులు ఉండాలో చూస్తాడు. జీఎస్టీలో ఏ మార్గం మనకు లాభమో చెబుతాడు. ఈ చివరి విషయం చాలామంది వ్యాపారులు పక్క దుకాణాన్ని చూసి నిర్ణయించుకుంటున్నారు. అది పొరపాటు.

జీఎస్టీ నమోదు విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిమితులు కూడా ఒకటి కావు. కేవలం సరుకులు అమ్మే వ్యాపారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితే నమోదు కావాలి. తెలంగాణలో 20 లక్షలకే కావాలి. అమ్మకాలు కోటిన్నర లోపు ఉన్నవారు కాంపోజిషన్ పద్ధతి ఎంచుకొని అమ్మకాలపై ఒక శాతం కట్టి సరిపెట్టుకోవచ్చు. అయితే వారు కొనుగోలుదారు నుంచి పన్ను వసూలు చేయకూడదు, తాము కొన్న సరుకుపై కట్టిన పన్నును తిరిగి పొందలేరు, పొరుగు రాష్ట్రానికి అమ్మలేరు. హైదరాబాదు హోటలుకు గుంటూరు నుంచి పరుపులు పంపాలనుకునేవారికి ఇది కుదరదు. సాధారణ పద్ధతిలో ఉన్నవారు నెలనెలా అమ్మకాల వివరాలు 11వ తేదీకి, పన్ను లెక్క 20వ తేదీకి పంపాలి. మనం కట్టిన పన్ను మనకు జమ కావాలంటే సరుకు అమ్మినవాడు తన బిల్లును చూపి ఉండాలి. ఆ వివరం 14వ తేదీన కనిపిస్తుంది. కొనుగోలు బిల్లులను దానితో సరిపోల్చడం పద్దులు రాసేవాడి పని. తేడా వస్తే ఏమి చేయాలో చెప్పడం అకౌంటెంట్ పని. బిల్లులు ఒక సంచిలో కుక్కి 19వ తేదీ రాత్రి తెచ్చి పడేస్తే ఎంతటి అకౌంటెంటయినా ఊహించి రాయవలసిందే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఒక్కరినే పెట్టుకోగల స్తోమత ఉన్న చిన్న దుకాణం ముందుగా రాసేవాడిని పెట్టుకోవాలి. రోజంతా అక్కర లేదు. వారానికి రెండు సాయంత్రాలు వచ్చే బీకాం విద్యార్థి చాలు, యజమాని ఏ రోజు బిల్లులు ఆ రోజు భద్రపరచి ఇస్తే. అకౌంటెంటును ఏడాదికి మూడు నాలుగు సార్లు రుసుము చెల్లించి సంప్రదించాలి. సక్రమంగా రాసి ఉన్న పుస్తకాలు తీసుకువెళ్తే అతనికీ తక్కువ సమయం పడుతుంది. బ్యాంకు నుంచి పెద్ద సదుపాయం కోరేటప్పుడు, భాగస్వామ్యం మొదలుపెట్టేటప్పుడు, ప్రభుత్వ శాఖ నుంచి నోటీసు వచ్చినప్పుడు, అమ్మకాలు ఆడిట్ పరిమితి దగ్గరకు చేరినప్పుడు మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరకే వెళ్లాలి. అక్కడ గుమాస్తా మీద భారం వేయడం అతనికి అన్యాయం.

నెలకు కొంత జీతం దండగ అనుకునేవారు మొదట తమ ఇంట్లో చూసుకోవాలి. ఇంటర్‌లో కామర్స్ చదివిన భార్య, డిగ్రీ చదువుతున్న కుమార్తె ఉన్న ఇళ్లు మనలో కొల్లలు. వారు ఇంట్లో కూర్చునే ఈ పని చేయగలరు. అయితే చేయించుకున్నవారు జీతం కూడా ఇవ్వాలి. ఇంటి ఆడపిల్ల చేస్తే ఉచితం అన్న అలవాటు మంచిది కాదు.

మనిషిని ఎంచుకునేటప్పుడు తెలివి కన్నా నిక్కచ్చితనం చూడాలి. పద్దు రాసే వ్యక్తి చేతికే గల్లాపెట్టె తాళం ఇవ్వకూడదు. ఇది అనుమానం కాదు. రేపు వెయ్యి రూపాయలు తక్కువైతే నింద పడకుండా అతనికి రక్షణ. మరొక హెచ్చరిక: జీఎస్టీ నమోదులో మీ ఫోను నంబరు, మీ ఈమెయిలు ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. సలహాదారులు సౌలభ్యం కోసం తమ నంబరే ఇస్తూ ఉంటారు. వారితో మాట పట్టింపు వచ్చిన రోజున మీ వ్యాపారం తాళంచెవి వారి జేబులో ఉందని తెలుస్తుంది. డిజిటల్ సంతకం పరికరాన్ని కూడా మరొకరి దగ్గర వదిలివేయడం ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడమే. ఇక, ఒకటి ప్రభుత్వానికి, ఒకటి మనకు అని రెండు పుస్తకాలు రాయిద్దామని సలహా ఇచ్చే వ్యక్తి ఎంత గొప్ప చదువు చదివినా అతన్ని గడప దాటి లోపలికి రానివ్వవద్దు. మీ కోసం అబద్ధం రాసినవాడు మీకు కూడా అబద్ధం రాయగలడు.

బంధువుల మధ్య నడిచే ఖర్జె హసనా విషయం కూడా చెప్పాలి. 20,000 గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. అతిక్రమిస్తే ఆ అప్పు ఎంతో అంత జరిమానా పడవచ్చు. వడ్డీ లేని అప్పే కదా, తమ్ముడే కదా అని చేతికి చేయి ఇచ్చుకునేవారు దీనిని గమనించాలి. బ్యాంకు ద్వారా ఇచ్చుకుంటే చట్టం దృష్టిలోనూ, వారసుల దృష్టిలోనూ సాక్ష్యం మిగులుతుంది.

జకాత్ దగ్గర ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అకౌంటెంట్ ఇచ్చే ఆస్తి అప్పుల పట్టీ మార్చి 31 నాటిది. మన జకాత్ సంవత్సరం చాంద్రమానం. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. రమజాన్ మొదటి తేదీన జకాత్ లెక్క చూసుకునే వ్యాపారికి ఆనాటి సరుకు ఆనాటి ధరలో కావాలి, ఆనాటి నగదు కావాలి, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు కావాలి. ఏ తేదీకి అడిగినా వీటిని ఇవ్వగలిగేది రోజువారీ పుస్తకమే. పట్టీలో పెద్ద అంకెలతో కనిపించే యంత్రానికి, కుట్టు మిషన్లకు, బీరువాలకు జకాత్ లేదు. అమ్మకానికి పెట్టిన పరుపులకు, గోదాములోని దూదికి ఉంది. పాసుపుస్తకంలో పడిన బ్యాంకు వడ్డీని లాభంలో కలపకుండా వేరే ఖాతాలో రాయించడం కూడా మరచిపోకూడదు. తీర్చవలసిన అప్పులలో ఏవి మినహాయించాలన్న దానిపై పండితుల వద్ద వివరాలు ఉన్నాయి. అంకెలు చేతిలో పట్టుకొని వెళ్లి అడగండి. అంకెలు లేకుండా అడిగినవారికి మేము కూడా “ఉజ్జాయింపుగా ఇవ్వండి” అనే చెబుతూ వచ్చాము. ఇప్పుడు అలా చెప్పడానికి మనసొప్పడం లేదు.

పరుపుల దుకాణం పంపకంలో అంత్యక్రియల ఖర్చు తరువాత మొదట తేల్చవలసినవి అప్పులు. తల్లికి మహర్ చెల్లించలేదని తేలింది. అది కూడా అప్పే. దూది వ్యాపారి 3,40,000 రావాలన్నాడు. ఇంటివారు అంత లేదన్నారు. చిన్న కుమార్తె, బీకాం చదివిన పిల్ల, బ్యాంకు నుంచి మూడేళ్ల స్టేట్‌మెంట్లు తెప్పించి వరుసగా చూసింది. ఆ వ్యాపారి పేరిట 40,000 ఒకసారి, 35,000 మరొకసారి వెళ్లినట్లు కనిపించింది. వ్యాపారి తన ఆవర్జా తెప్పించి చూసుకున్నాడు. అతని గుమాస్తా ఆ రెండింటినీ అదే పేరు గల మరొకరి ఖాతాలో రాశాడు. వెంటనే ఒప్పుకొని బాకీ 2,65,000 అని రాసి ఇచ్చాడు. పుస్తకం ఉన్నచోట పొరపాటు ఎంత తేలికగా దిద్దుకోవచ్చో ఆ రోజు చూశాము.

డైరీలోని పేర్లలో సగానికి పైగా ఎవరో తేలలేదు. శుక్రవారం నమాజు తరువాత ఇమాం గారు మరణించినవారి తరఫున ప్రకటన చేస్తే ఐదుగురు వచ్చి తమ బాకీ చెప్పి కట్టారు. మిగిలినవి పోయినట్లే. నగల సొమ్మును అప్పుగా పరిగణించి కోడలికి తీర్చడానికి అక్కచెల్లెళ్లు ముగ్గురూ తమంతట తాము అంగీకరించారు. తీర్పుగా అయితే అలా చెప్పడానికి మా వద్ద ఆధారం లేదు.

సరుకు లెక్కించడానికి రెండు రోజులు పట్టింది. దుకాణాన్ని విడగొట్టకుండా ఆరుగురూ ఎనిమిది భాగాల చొప్పున భాగస్వాములుగా కొనసాగాలని నిర్ణయించుకున్నారు. ఒప్పంద పత్రాన్ని జిల్లా కేంద్రంలోని ఒక చార్టర్డ్ అకౌంటెంట్ తయారు చేశారు. అన్నదమ్ములిద్దరూ దుకాణంలో కూర్చున్నందుకు లాభంతో సంబంధం లేకుండా విడిగా ఏమైనా తీసుకోవచ్చా అన్న అంశాన్ని మరికొందరు ముఫ్తీలను కూడా అడిగి రాయాలని ఆపి ఉంచాము. పద్దులు రాసే పని చిన్న కుమార్తె తీసుకుంది. మంగళ, శుక్రవారాల సాయంత్రం వస్తుంది. మొదటి నెల పుస్తకం మాకు చూపించడానికి తెచ్చినప్పుడు, మొదటి పేజీలో మొదటి పద్దు ‘అమ్మకు మహర్ బాకీ చెల్లింపు’ అని ఉంది.